ప్రవేశ పరీక్షపై ప్రజల నమ్మకాన్ని సర్వేలో ఎలా అడగాలి?

విశ్వవిద్యాలయ ప్రవేశాల్లో లంచాలను అరికట్టే ఉద్దేశంతో జార్జియా 2005లో, ఉక్రెయిన్ 2008లో, రష్యా 2009లో దేశమంతటికీ ఒకే పరీక్షను తప్పనిసరి చేశాయి. జార్జియాలో జవాబు పత్రాలపై పేరుకు బదులు బార్‌కోడ్ ఉండేదని, హాలులో జరిగేదంతా తల్లిదండ్రులు బయట తెరలపై చూడగలిగేవారని చదివాను. నా దృష్టిలో, పరీక్ష కన్నా ఆ తెరలే ఎక్కువ నమ్మకం కలిగించి ఉంటాయి. అయితే లంచం బెడద తప్పిందని సంతోషించే కుటుంబమే ట్యూషన్ల ఖర్చు మోయలేక అదే పరీక్షను తిట్టుకోవచ్చు (పాత పద్ధతిలోనూ చాలాసార్లు ట్యూషన్ పేరుతోనే డబ్బు చేతులు మారేది). ఈ రెండు అభిప్రాయాలూ కలగాపులగం కాకుండా ప్రశ్నావళిని ఎలా రూపొందించాలో, ఇలాంటి సర్వేలు చేసిన అనుభవం ఉన్నవారు దయచేసి తెలియజేయగలరా?