జియాంగ్‌షీని "రక్తపిశాచి" అనొచ్చా?

ప్రశ్న: 1985లో వచ్చిన హాంగ్‌కాంగ్ సినిమా "మిస్టర్ వాంపైర్"కి తెలుగు సబ్‌టైటిళ్లు రాస్తున్నాను. చైనాలోని చింగ్ రాజవంశ కాలపు అధికారి దుస్తుల్లో, చేతులు ముందుకు చాపి గెంతుతూ వచ్చే శవాన్ని జియాంగ్‌షీ అంటారు. ఇంగ్లీషు పేరును బట్టి రక్తపిశాచి అని పెట్టాను. చదువుతుంటే అతకడం లేదు. ఏమంటారు?

జవాబు: అతకదండీ. జియాంగ్ అంటే బిగుసుకుపోవడం, షీ అంటే శవం. ఆ పేరులో రక్తం ఊసే లేదు. కోరలున్నా దాని అసలు లక్షణం బిగుసుకుపోవడమే. మోకాళ్లు వంగవు కాబట్టి గెంతుతుంది. ఆ గెంతు చూస్తే నవ్వొస్తుంది, అదే గెంతు మన వైపు వస్తుంటే ఒళ్లు జలదరిస్తుంది. నాకు ఈ సినిమాలంటే ప్రాణం, కారణం ఇదే. భయానికి ఒక సీను, కామెడీకి ఒక సీను అని విడదీయరు. రెండూ ఒకే ఒంట్లోంచి పుడతాయి.

ఫైట్లు కూడా అక్కడి నుంచే. నొప్పి తెలియని, నడుం వంగని ప్రత్యర్థిని గుద్దితే లాభం లేదు. చాచిన ఆ చేతుల కింద నుంచి దూరాలి, దొర్లాలి, ఎగిరి నుదుటి మీద పసుపు కాగితం మంత్రం అంటించాలి. గురువుగా చేసిన లామ్ చింగ్‌యింగ్ అంతకుముందు బ్రూస్ లీ సినిమాలకు స్టంట్లలో పనిచేసినవాడు. నిర్మాత సామో హంగ్ 1980లోనే కుంగ్‌ఫూనీ దయ్యాలనీ కలిపి సినిమా తీశాడు. పోరాటం తెలిసినవాళ్లు కాబట్టే బిగుసుకున్న ఒంటితో కూడా అంత వేగం రాబట్టారు.

శవం గీరిన శిష్యుడి సంగతి గుర్తుందా? బిగుసుకుపోకుండా ఉండాలంటే జిగురు బియ్యం మీద చిందులేస్తూ ఉండాలి. అక్కడ మీరు రక్తపిశాచి అని రాస్తే ఆ చిందులకు అర్థమే ఉండదు. "కొయ్యబారిన శవం" అనండి. భయంతో మనిషి కొయ్యబారిపోతాడనీ అంటాం కదా, భయపెట్టేదానికీ భయపడేవాడికీ ఒకే మాట సరిపోతుంది.

మరొకరు: బేతాళం అనే మాట ఉండగా కొత్తది ఎందుకు? శవంలో చేరేది అదే కదా.

జవాబు: మంచి మాటే, నేనూ ఆలోచించాను. కానీ బేతాళుడు కథ చెప్పి, చిక్కు ప్రశ్న వేసి, జవాబు వినేవాడు. ఇదేమో మనిషిని ఊపిరిని బట్టి పసిగడుతుంది, అంతే. దీనికి తెలివి అంటగడితే ఊపిరి ఆపుకుని దాని ముఖానికి ముఖం పెట్టి నిలబడే సీను పండదు.

ప్రశ్న అడిగినవారు: కొయ్యబారిన శవం తెరమీద పొడుగైపోతుందేమో?

జవాబు: మొదటిసారి పూర్తిగా రాయండి, తర్వాత "కొయ్యశవం" చాలు. మొదటిసారి చూసినవాళ్లు చెక్కబొమ్మ అని పొరబడరు.

ప్రశ్న అడిగినవారు: బాగుందండీ, అలాగే మారుస్తాను. "శ్వాస ఆపండి" అని రాసినచోట కూడా "ఊపిరి బిగబట్టండి" అని పెడుతున్నాను. చూసేవాళ్లూ చేసేది అదే కదా.