తల్లి ఊడ్పులకి వెళ్తే బిడ్డ చిక్కిపోతుందా?

కొబ్బరితోట:
దాళ్వా ఊడ్పులు, అంటే రబీ వరినాట్లు, మొదలయ్యేసరికి మళ్లీ అదే మాట: "చంటిబిడ్డ తల్లి కూలికి పోకూడదు, బిడ్డ చిక్కిపోతుంది" అని. నేను ఒప్పుకోనండి. ఆడమనిషి చేతికొచ్చిన కూలి డబ్బులోంచే గుడ్డు, పాలు వస్తాయి. అవి ఆగిపోతే తల్లి పక్కనే కూర్చున్నా కంచంలో చారన్నమే. అమ్మ ఇంట్లో ఉందా అని కాదు, పదకొండింటికి బిడ్డ కడుపులోకి ఏం వెళ్లిందో అడగండి.

గౌతమిగట్టు:
ఏడాది దాటిన పిల్లల విషయంలో మీ మాట నిజం. మొదటి ఆరు నెలలకి మాత్రం కాదండి. అప్పుడు తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా వద్దు. తల్లి ఏడింటికి చేలో దిగి రెండింటికి వస్తే బిడ్డ మూడు నాలుగు సార్లు తాగే పాలు పోతాయి. పాలు తియ్యకపోతే రొమ్ములు గడ్డకట్టి, కొద్ది రోజులకే పాలు తగ్గుతాయి. ఇక డబ్బాపాలు. ఖరీదు కదా అని పొడి తగ్గించి నీళ్లు ఎక్కువ పోస్తారు, సీసా పీక సరిగ్గా మరిగించరు, విరేచనాలు పట్టుకుంటాయి. బిడ్డ చిక్కేది అక్కడ.

చట్టంలో 26 వారాల జీతంతో సెలవు ఉంది, బిడ్డకి 15 నెలలు వచ్చేవరకు రోజుకి రెండు పాలిచ్చే విరామాలున్నాయి, 50 మంది పనిచేసే చోట పిల్లల గది ఉండాలని 2017 సవరణలో వచ్చింది. మేస్త్రి కింద రొయ్య తలలు తీసే అమ్మాయికి, ముఠాలో వరి ఊడ్చే అమ్మాయికి ఇందులో ఏది అందుతోంది చెప్పండి? తప్పు తల్లిది కాదు, ఆ పని చేయించుకునే పద్ధతిది.

ఉగ్గుగిన్నె:
ఇద్దరూ అసలు చిక్కు వదిలేశారు. సీసా ఎందుకండీ? చేతులు సబ్బుతో కడుక్కుని, మరిగించిన స్టీలు గిన్నెలోకి పాలు పిండి మూతపెట్టాలి. 25 డిగ్రీలు దాటని చల్లటి చోట నాలుగు గంటలు ఉంటాయి. ఎండాకాలం అంతసేపు నమ్మొద్దు. వేడినీళ్లలో గిన్నె పెట్టి గోరువెచ్చగా చేసి ఉగ్గుగిన్నెతో పట్టాలి. దాన్ని తోమడం తేలిక, మురికి దాగే మూల ఉండదు.

ఆరు నెలలు దాటాక తప్పు జావలో ఉంది. బిడ్డ పొట్టలో కిలో బరువుకి సుమారు 30 మిల్లీలీటర్లు పడుతుంది, అంటే ఎనిమిది కిలోల బిడ్డకి 240. నాయనమ్మ పల్చటి జావ పోస్తే ఆ పొట్ట నీళ్లతో నిండిపోతుంది. "కడుపు నిండా తాగాడు" అంటుంది పాపం, అదీ నిజమే! చెంచా వంచితే జారిపోకుండా ముద్దలా నిలవాలి. మూడు వంతులు బియ్యం, ఒక వంతు పెసరపప్పు దోరగా వేయించి రవ్వ పట్టి ఉంచుకుంటే పావుగంటలో ఉడుకుతుంది. పైన ఒక చెంచా నూనె వేస్తే 45 క్యాలరీలు కలుస్తాయి, పరిమాణం పెరగదు. మెత్తగా చిదిమిన ఉడికిన గుడ్డు, ముళ్లు పూర్తిగా తీసిన చేప కూడా పెట్టొచ్చు. అంగన్‌వాడీలో ఇచ్చే పోషకాహార పొడి బాలామృతం రెండున్నర కిలోల ప్యాకెట్ రోజుకి 100 గ్రాముల చొప్పున 25 రోజులకే. అన్నయ్య, అక్కయ్య కూడా తింటే పది రోజులకి ఖాళీ.

కొబ్బరితోట:
మంచి మాట చెప్పారు. ఒకటి కలుపుతాను. నర్సాపురం వైపు లేసు అల్లే తల్లి ఇంట్లోనే ఉంటుంది కదా, ఆ బిడ్డలకి సమయానికి తిండి అందుతోందా? పీసు లెక్కన కూలి కాబట్టి బిడ్డకి తినిపించే అరగంట కూడా కూలి కోతే. ఇంట్లో ఉండటం, తీరిక ఉండటం ఒకటి కాదండి.

గౌతమిగట్టు:
ఇది ఒప్పుకుంటాను. అయితే గల్ఫ్ వెళ్లే తల్లులని ఈ లెక్కలో కలపకండి, అక్కడ తల్లిపాలు ఒక్కసారిగా ఆగిపోతాయి. వాళ్ల పిల్లల్ని ఎవరు పెంచినా, నెలనెలా తూకం రాయించాలి. ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు బిడ్డకి జబ్బకొలత (మోచేతికి పైన చేతి చుట్టుకొలత) 12.5 సెంటీమీటర్ల కన్నా తగ్గితే అంగన్‌వాడీలో చూపించాలి, 11.5 కన్నా తగ్గితే ఆ రోజే ఆసుపత్రికి. ఊడ్పుల ముందు ఒకసారి, ఊడ్పులు అయ్యాక ఒకసారి కొలవండి.