సినంపలుకాంగ్ మనోక్: చింతచిగురు కోడి పులుసు చారులా వస్తోంది, ఎందుకు?

ప్రశ్న:
ఫిలిప్పీన్స్ పద్ధతిలో కేజీ బ్రాయిలర్ కోడితో చేశాను. నిమ్మకాయంత చింతపండు నానబెట్టి, ఆ రసం మొదట్లోనే పోశాను. రంగు నల్లబడింది, రుచి మన చారుకు దగ్గరగా ఉంది. ముల్లంగి అరగంట ఉడికినా కరకరలాడుతోంది. చింతచిగురు ఎప్పుడు వేయాలి?

జవాబు 1:
చింతపండే తేడా కొట్టింది. అక్కడ పులుపు పచ్చి చింతకాయది, లేత చిగురుది. పండితే తీపి వస్తుంది, పులుసు రంగూ నల్లబడుతుంది. లీటరున్నర నీళ్ళ పులుసుకు 150 గ్రాముల చింతకాయలు చాలు. విడిగా మునిగేన్ని నీళ్ళలో తొక్క చిట్లేదాకా ఉడికించి, గరిటెతో చిదిమి వడకట్టండి. గింజలు నలగకూడదు, వగరొస్తుంది.

ముల్లంగి సంగతికి వస్తే, పులుపు పడ్డాక ఏదీ తొందరగా మెత్తబడదు. కందిపప్పు ఉడికాకే కదా పులుసు పోస్తాం, ఇక్కడా అంతే.

జవాబు 2:
సినిగాంగ్‌లో (అక్కడి మామూలు పుల్లటి పులుసు) మాంసాన్ని నేరుగా ఉడకేస్తారు. దీనికి ముందు వేయించాలి. రెండు చెంచాల నూనెలో బొటనవేలంత అల్లం పుల్లల్లా తరిగి వేయండి, తర్వాత వెల్లుల్లి, ఉల్లిపాయ, రెండు టమాటాలు. ఎముకతో ఉన్న ముక్కలు వేసి పైన తెల్లబడేదాకా, ఓ ఆరేడు నిమిషాలు తిప్పండి. ఎర్రగా వేగనివ్వకండి. ఒక చెంచా ఫిష్ సాస్ (వాళ్ళు పాటిస్ అంటారు) ఇప్పుడే పడాలి, అప్పుడే ముక్కకు పడుతుంది. తర్వాత నీళ్ళు. రెండోసారి బియ్యం కడిగిన నీళ్ళైతే పులుసుకు కాస్త చిక్కదనం వస్తుంది. తేలిన తెట్టు తీసేసి సన్న సెగన బ్రాయిలర్‌కు అరగంట, ముదురు నాటుకోడికి గంట పైనే. పసుపు, కారం, తాలింపు జోలికి పోవద్దు, అల్లం వాసన చచ్చిపోతుంది.

జవాబు 3:
కోడి ఉడికాక ముల్లంగి, అలసందకాయలు వేసి, ముల్లంగికి కత్తి మొన దిగాకే చింతకాయ రసం పోయండి. ఒకేసారి పోయొద్దు, సగం పోసి రుచి చూడండి. రెండు మూడు బజ్జీ మిరపకాయలు చీల్చకుండా వేస్తే వాసనే తప్ప మంట దిగదు.

చిగురు రెండు గుప్పిళ్ళు. అరచేతుల మధ్య నలిపి ఈనెలు చెరిగేయండి. మన పప్పుకు చేసినట్టే. పచ్చగా, వేలితో నలిపితే మెత్తగా జావయ్యేదైతే చివరి ఐదు నిమిషాల్లో చాలు. ముదిరితే ముందే వేయాలి, లేకపోతే పీచు పళ్ళలో ఇరుక్కుంటుంది. పులుపులో ఆకుపచ్చ రంగు ఎలాగూ పోతుంది, పాడైందనుకోవద్దు.

ప్రశ్న:
ఫిష్ సాస్ దొరక్కపోతే ఉప్పుతో సరిపెట్టుకోవచ్చా?

జవాబు 2:
వచ్చు, కానీ పులుసు పలచగా అనిపిస్తుంది. ఉప్పైనా సాసైనా మిగతాది దించే ముందే వేయండి, మరిగేకొద్దీ ఉప్పదనం పెరుగుతుంది. తినేటప్పుడు చిన్న గిన్నెలో పాటిస్ పోసి, ఓ పచ్చిమిర్చి చిదిమి పక్కన పెట్టుకోండి. ముక్క అందులో అద్దుకుని వేడన్నంతో తింటారు.