అప్‌డేట్: బిళ్ల తప్పు కాదు, కొలిమి తప్పు

900 డిగ్రీల దగ్గర కాల్చిన కాల్షియం కోబాల్టైట్ (వేడి తేడాను కరెంటుగా మార్చే పదార్థం) బిళ్లకు విద్యుత్ నిరోధం అంత ఎక్కువ ఎందుకు వస్తోందని పోయిన వారం అడిగాను కదా. మీలో ఒకరు కొలిమినే అనుమానించారు. అదే నిజం. వేడిని కొలిచే థర్మోకపుల్ బిళ్లకు జానెడు దూరంలో ఉంది. బిళ్ల పక్కనే ఇంకొకటి పెట్టి చూస్తే 940 డిగ్రీలు! గాలిలో 926 దాటితే ఈ పదార్థం విడిపోతుంది, పొరల నిర్మాణమే మిగలదు.

ఈసారి 880 దగ్గర ఒక రోజంతా ఉంచాను. కరెంటు పోతుందేమోనని రాత్రంతా కాపలా, అదీ అనంతపురం ఎండాకాలంలో, కొలిమి గదిలో! బిళ్లను విరిస్తే లోపల అభ్రకంలా పలుచని రేకులు తళుక్కుమన్నాయి. నిరోధం బాగా తగ్గింది. సీబెక్ గుణకం, అంటే ఒక్కో డిగ్రీ తేడాకు ఎంత వోల్టేజీ పుడుతుందో చెప్పే లెక్క, గది ఉష్ణోగ్రత దగ్గర కెల్విన్‌కు 128 మైక్రోవోల్టులు. పొరల వెంబడి కొలిచిన లెక్క ఇది. పొరలకు అడ్డంగా ఇంకా కొలవలేదు. ఇలాంటిదే అయిన సోడియం కోబాల్టైట్ జోలికి మాత్రం ఇప్పట్లో పోను, వేడికి సోడియం ఆవిరైపోతుంది.