పెంచలకోనలో తీసిన అడవినాభి పువ్వు ఎర్ర ముద్దలా వచ్చింది, మాక్రో లెన్స్ (చిన్నవాటిని బాగా దగ్గర నుంచి తీసేది) కొనాలా?

కోన దారి:
మొన్న ఆదివారం పెంచలకోన వెళ్లాం. దర్శనం అయ్యాక జలపాతం వైపు నడుస్తుంటే పొదల మీద అడవినాభి పూలు కనిపించాయి, రేకులు వెనక్కి తిరిగి మంట లేచినట్టే ఉన్నాయి, తీరా ఫోటోలో చూస్తే అంచుల్లో పసుపు ఎగిరిపోయి అంతా ఒకటే ఎరుపు. బండ మీద ఎర్ర తొండ దొరికితే అదీ షేక్. నా దగ్గర పాత కెనాన్, దాంతో వచ్చిన కిట్ లెన్స్, దూరానివి దగ్గరగా చూపే 55-250 జూమ్ లెన్స్ ఒకటి ఉన్నాయి. షాపాయన మాక్రో లెన్స్ కొనమంటున్నాడు. ఇంట్లో కెమెరా పేరెత్తితేనే గొడవ.

రాపూరు కుర్రోడు:
కొనొద్దన్నా. చుట్టూ ముదురు ఆకులుంటే కెమెరా మొత్తం చీకటిగా ఉందనుకుని వెలుగు పెంచేస్తుంది, దాంతో ముందు పోయేది ఎరుపే. ఎక్స్‌పోజర్ (ఫోటోలో పడే వెలుగు) సెట్టింగ్ మైనస్ 0.7కో మైనస్ 1కో దించి తీయి, 55-250నే 250 దగ్గర పెట్టి కాస్త వెనక్కి జరిగితే వెనక పొదంతా మెత్తగా కరిగిపోతుంది. ఏడు గంటల్లోపు వెళ్లు, గాలి కూడా తక్కువ. తొండకైతే షటర్ వేగం సెకనులో 1/500వ వంతు కన్నా నెమ్మది కాకూడదు. పారిపోయిందని వెంటపడకు, మగది తన బండ వదలదు, పదడుగుల దూరంలో కదలకుండా కూర్చుంటే మళ్లీ అక్కడికే వస్తుంది. నేను అరగంట కూర్చున్నా ఒకసారి, తొండ వచ్చింది, చీమలూ వచ్చాయి.

పెన్నా గట్టు:
లెన్స్ సంగతి సరే, ఆ పువ్వు కోసి తీరిగ్గా ఇంట్లో ఫోటో తీద్దామనుకునే వాళ్లున్నారు, దయచేసి ముట్టుకోవద్దు. దాని దుంప గట్టి విషం, పైగా అది అభయారణ్యం. గుడి, జలపాతం దారి అందరూ తిరిగేదే, దాటి లోపలికి పోవాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి, 1972 వన్యప్రాణి చట్టంలో ఫోటోగ్రఫీకి కూడా పర్మిట్ అని ఉంది. ఎర్రచందనం ఉన్న అడవి, కెమెరా బ్యాగు వేసుకుని పొదల్లో తిరిగితే ఎవరైనా అనుమానిస్తారు.

కోన దారి:
అర్థమైంది, లోపలికి పోను. తొమ్మిదికి ముందు బస్సు దొరకదు మాకు, అప్పటికి ఎండ ముదురుతుంది కదా?

రాపూరు కుర్రోడు:
పువ్వుకీ ఎండకీ మధ్య తెల్లటి పల్చని గుడ్డ ఏదైనా పట్టుకోమను తోడొచ్చినవాళ్లని, వెలుగు మెత్తబడుతుంది. గుడికి తెచ్చుకున్న కండువా చాలు.