మన క్రైస్తవ కాలేజీ మాస్టార్ల స్మరణ సభ 12వ తేదీ శనివారం: హాలు సంగతి అర్జెంట్, అందరూ చూడండి

పొదిలి (మంగళవారం రాత్రి 9:40)
పోయిన వారం అనుకున్న పనులు మళ్ళీ రాస్తున్నా, మన అలవాటు ప్రకారం మనుషులను సొంత ఊరి పేర్లతోనే. స్లైడ్లు చీమకుర్తి. మైకు, స్పీకర్లు కావలి. భోజనాలు ఉలవపాడు. డబ్బులు ఎప్పట్లాగే కనిగిరి. పిల్లల పాట ఇంకా ఎవరూ తీసుకోలేదు. తెలుగు మాస్టారి పెద్దమ్మాయి ఒంగోలు నుంచి వీడియోలో మాట్లాడతానన్నారు. మనకు రాత్రి 7:30, వాళ్ళకు ఆదివారం ఉదయం 6. ఆవిడ ఆరాధనకు వెళ్ళాలి, మనం లేటు చేయకూడదు.

కనిగిరి (10:15)
అన్నా, ఆ లిస్టు పక్కన పెట్టండి. చర్చి హాలు వాళ్ళు సాయంత్రం మెయిల్ పెట్టారు, ఇవ్వరట. సంక్రాంతికి మనం వండిన చేపల పులుసు వాసన కార్పెట్లో నుంచి వారం దాకా పోలేదట. కట్టిన 300 డాలర్లలో కార్పెట్ కడిగించిన 180 పట్టుకుని మిగతాది వెనక్కిస్తారట. 70 మంది వస్తామని పేర్లిచ్చారు. ఇంకా పదకొండు రోజులే ఉంది.

కావలి (10:22)
లోపల స్టవ్ వెలిగించొద్దని సంక్రాంతికే మొత్తుకున్నా. నా మాట ఎవరు విన్నారు?

ఉలవపాడు (10:31)
స్టవ్ వెలిగించింది నేనే తమ్ముడూ, పేరు పెట్టే అను. బయట గాలికి మంట నిలవకపోతే ఏం చేయమంటావు? రెండోసారి వడ్డించుకున్నప్పుడు నీకు వాసన రాలేదే.

కావలి (10:50)
సరే అక్కా, అయిందేదో అయింది. గుడి వాళ్ళ కమ్యూనిటీ హాలు ఆ రోజు ఖాళీ. 250 డాలర్లు. శాకాహారం మాత్రమే. గుత్తొంకాయ, పప్పుచారు, పన్నీర్ పెడదాం. రేపు పొద్దున్నే అడ్వాన్సు కట్టాలి.

చీమకుర్తి (11:05)
క్రైస్తవ కాలేజీ మాస్టార్లను గుడి హాల్లో తలుచుకోవడం ఏమన్నా బాగుంటుందా? వాళ్ళ పిల్లలు వీడియోలో చూస్తారు కదా. అడుగుతున్నానంతే.

కావలి (11:09)
అందరం ఒక బెంచీ మీద కూర్చుని చదువుకున్నోళ్ళం. ఇక్కడికొచ్చాక ఇదేంది కొత్తగా? హాలు వెతికింది నేను, వంక పెట్టేది మీరు. మైకు కూడా ఇంకెవరికైనా చెప్పుకోండి.

కనిగిరి (11:12)
అబ్బాయా, నిదానం.

ఉలవపాడు (11:40)
నా అభ్యంతరం గుడి కాదు, పన్నీర్. జువాలజీ మేడమ్‌ను పన్నీర్‌తో తలుచుకుంటారా? తెల్లారకముందే మమ్మల్ని బస్సెక్కించి కొత్తపట్నం తీసుకుపోయేవారు. పడవలు ఒడ్డుకొచ్చే వేళకి ఇసుకలో నిలబడి ఉండాలి. వలలో పడ్డ ప్రతి చేపకీ బెస్తవాళ్ళు ఏం పేరంటారో ముందు రాయాలి, పుస్తకంలో పేరు తర్వాత. పండుగప్ప అని రాయకుండా లేట్స్ కాల్కరిఫర్ అని మాత్రం రాస్తే రికార్డు వెనక్కి విసిరేవారు. "పట్టినాయన్ని అడక్కుండా నీకు పేరెట్టా తెలిసింది?" అనేవారు. ల్యాబుకు కావలసినవి ఫార్మలిన్ సీసాల్లోకి, మిగిలినవి హాస్టల్ వంటామె చేతికి. ఆ పులుసు తినే నేను చేపల చదువు చదివాను. పులుసు లేకపోతే నేను వడ్డన కూడా చేయను.

పొదిలి (బుధవారం ఉదయం 6:20)
రాత్రి నిద్ర పట్టలేదు. కావలీ, ఆ క్రిస్మస్ గుర్తుందా? తెలుగు మాస్టారు ఏసు పుట్టుకను బుర్రకథగా రాసి, తంబూరా నీ చేతికే ఇచ్చారు. నీకు నామం ఉంది, తీసేయమని ఎవరో అంటే "గొంతుకు నామం లేదయ్యా" అన్నారాయన. చీమకుర్తి అడిగిందీ తప్పు కాదు, పెద్దాయన పిల్లలు ఏమనుకుంటారోనని. ఇద్దరూ దీన్ని ఇక్కడితో వదిలేయండి.

ఇంకొకటి. స్లైడ్లు చూశాను. పన్నెండింటిలో తొమ్మిది దొరలవే, అమెరికా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీలవి. జ్యూవెట్ దొర 1854 జనవరి 1న కొండ మీద ప్రార్థన, క్లౌ దొర 1866లో ఒంగోలు రావడం, 1878 జులై 3న గుండ్లకమ్మలో 2,222 మందికి బాప్తిస్మం. అన్నీ నిజమే, ఊళ్ళో అందరికీ తెలిసినవే. మాస్టారు ఆ 2,222 అంకె చెప్పి ఆగేవారు కాదు. కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక ముక్క క్లౌ కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి పని చూపించిన సంగతి, కూటి కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని ఆ పని నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేసిన సంగతి చెప్పి, "తవ్విన వాళ్ళలో మీ తాతలెవరో ఇంటికెళ్ళి కనుక్కు రండి" అని పంపేవారు. మా నాయనమ్మ దగ్గర కూర్చుని కరువు కథలు విన్నది ఆ ఒక్కసారే. ఇందులో ఒక్కటీ స్లైడ్లో లేదు.

చీమకుర్తి (7:45)
ఫొటోలు దొరికినవి అవే అన్నా. మాస్టారిది ఒక్కటే ఉంది, గ్రూపు ఫొటోలో సగం మొహం. స్లైడ్లు మానేద్దామా? ఎవరి దగ్గరున్న రికార్డు, ఆటోగ్రాఫ్ పుస్తకం వాళ్ళు తెస్తారు. కావలి అన్నా, రాత్రి నా మాట తేడాగా వచ్చింది, సారీ.

కావలి (8:02)
సరేలే. మైకు తెస్తా. తంబూరా మాత్రం ఇక్కడ దొరకదు.

కనిగిరి (12:30)
లైబ్రరీ మీటింగు రూము ఉచితం, ఇప్పుడే అడిగా. 60 మందికే పర్మిషన్, తిండి తేకూడదు, 5 గంటలకు మూసేస్తారు. అప్పుడు ఒంగోల్లో తెల్లవారుజామున మూడున్నర. వీడియో కుదరదు.

ఉలవపాడు (12:48)
మా పెరట్లోకి రండి. సాయంత్రం 6:30. ఎండ ఇంకా ఉంటుంది, వెనక పక్క నీడే. పక్కింటి వియత్నాం వాళ్ళకి చేపల వాసన కొత్తేమీ కాదు. కుర్చీలు 22 ఉన్నాయి, మిగతావాళ్ళు మడత కుర్చీలు తెచ్చుకోవాలి. దోమల మందు నాది.

పొదిలి (1:05)
70 మందీ మీ ఇంటికా అక్కా?

ఉలవపాడు (1:07)
మొన్న మా వాడి పుట్టినరోజుకి ఎంతమంది వచ్చారనుకున్నావు.

కనిగిరి (1:20)
చర్చి నుంచి వచ్చే 120 చేపలకు. పిల్లల పాట సంగతి?

కావలి (1:24)
పిల్లలు ఆడుకుంటారులే. వీడియో పెద్ద టీవీకి కలపాలి, టీవీ నేను మోసుకొస్తా. ఆవిడకు కొత్త అడ్రసు అక్కర్లేదు, లింకు అదే.

ఉలవపాడు (1:31)
పులుసు శుక్రవారం రాత్రే కాచి పెట్టాలి, తెల్లారితేనే రుచి. మామిడికాయ పుల్లగా ఉండాలి, ఇండియన్ స్టోర్లో ఈ మధ్య వచ్చేవి తియ్యగా ఉంటున్నాయి, కొరికి చూసి తీసుకోండి. పండుగప్ప ఇక్కడ బారముండి పేరుతో దొరుకుతుంది, తలలు పారేయొద్దని చెప్పండి. పెద్ద గిన్నె ఎవరి దగ్గరుంది?

పొదిలి (1:33)
సంక్రాంతి గిన్నె చర్చి కిచెన్లోనే ఉండిపోయింది. ఎవరు వెళ్ళి అడుగుతారు?