కోనసీమ తోటల్లో బక్కచిక్కిన కోతులు: రెట్రోవైరస్ పరీక్షకు ఏ నమూనా తీయాలి?

లంక_పశువైద్యం:
రాజోలు వైపు కొబ్బరి తోటల్లో తిరిగే మందలో కొన్ని పెద్ద కోతులు పారుడుతో ఎముకల గూడులా తయారయ్యాయి. ‘ఎయిడ్స్ కోతులు’ అని ఊళ్లో పుకారు పుట్టింది, దింపు కార్మికులు తోటలోకి రావడానికే జంకుతున్నారు. అటవీ శాఖ అనుమతి దొరికితే రక్తం తీయాలా, మలం చాలా?

గౌతమి_వైరాలజీ:
ఎస్‌ఐవీ (కోతుల్లో ఎయిడ్స్ లాంటి జబ్బు తెచ్చే వైరస్) ఆఫ్రికా కోతులది. ఆసియా అడవి కోతుల్లో సహజంగా లేదు. 1985లో అమెరికాలో రీసస్ కోతుల్లో గుర్తించిన ఎస్‌ఐవీ కూడా బోనుల్లో ఆఫ్రికా సూటీ మాంగబే కోతుల నుంచి అంటుకున్నదే. ఈ మాట ఊళ్లో ఇవాళే చెప్పండి.

మీరు వెతకాల్సిన రెట్రోవైరస్‌లు (హెచ్‌ఐవీ కుటుంబపు వైరస్‌లు) మూడు: ఫోమీ వైరస్ (ఎస్‌ఎఫ్‌వీ), టైప్ డి రెట్రోవైరస్ (ఎస్‌ఆర్‌వీ), ఎస్‌టీఎల్‌వీ. ఫోమీ పెద్ద కోతుల్లో చాలావాటికి ఉంటుంది, జబ్బు మాత్రం చేయదు. కాబట్టి పాజిటివ్ వచ్చినంత మాత్రాన పారుడికి అదే కారణం అనకండి. అనుమానించాల్సింది ఎస్‌ఆర్‌వీని: రోగనిరోధక శక్తిని దెబ్బతీసి, ఆగని విరేచనాలు, రక్తహీనత, బరువు తగ్గడం తెస్తుంది. అయితే దానికన్నా ముందు మలంలో నులిపురుగులు, షిగెల్లా బ్యాక్టీరియా చూడాలి. క్షయనూ మరిచిపోవద్దు. ఎక్కువసార్లు దొరికేది వీటిలోనే.

ల్యాబ్_పక్కన:
వైరస్‌ను బట్టి నమూనా. ఫోమీ నోటి పొరల్లో వృద్ధి చెందుతుంది కనుక చొంగ స్వాబ్ చాలు. ఎస్‌ఆర్‌వీకి మాత్రం రక్తం కావాలి, యాంటీబాడీ పరీక్ష, పీసీఆర్ (వైరస్ జన్యుపదార్థాన్నే పట్టే పరీక్ష) రెండూ చేయించాలి. రక్తంలో వైరస్ తిరుగుతున్నా యాంటీబాడీ రాని కోతులుంటాయి, ఒక్క పరీక్షతో అవి తప్పించుకుపోతాయి. పిల్లకోతుల్లో దీనికి తిరగబడి, తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలే పాజిటివ్ చూపిస్తాయి.

మత్తుకు కెటమిన్ కిలోకి 10 మి.గ్రా. కండకు. తొడ సిర నుంచి 3 మి.లీ. రక్తం ఈడీటీఏ (రక్తం పేరుకోనివ్వని మందు) ట్యూబులోకి. ఐస్ ప్యాక్‌కి ట్యూబు నేరుగా తగలనివ్వకండి, మధ్యలో గుడ్డ చుట్టండి. చలికి రక్తం మంచులా గడ్డకడితే ఎర్రకణాలు పగిలి, ఆ హిమోగ్లోబిన్ పీసీఆర్‌ను అడ్డుకుంటుంది. 24 గంటల్లోపు తెల్లకణాలు వేరుచేయాలి. అంత వసతి లేకపోతే ఫిల్టర్ పేపర్ మీద చుక్కలు వేయొచ్చు కానీ, వానాకాలం డెల్టా గాలిలో నాలుగు గంటలకీ ఆరదు. రాత్రంతా ఫ్యాన్ కింద ఆరబెట్టి, సిలికా జెల్ వేసి సీలు చేయండి. తడి ఉండగా మూస్తే బూజే.

మలమైతే వేడివేడిగా ఉన్నప్పుడే తీయండి, ఒక వంతు మలానికి ఐదు వంతుల ఆర్‌ఎన్‌ఏలేటర్ (నమూనా చెడకుండా కాపాడే ద్రవం). 25 డిగ్రీల దగ్గర వారం, 37 దగ్గర ఒక్క రోజే ఆగుతుంది. ఎండలో బండి డిక్కీలో పెడితే అంతే సంగతులు. మొక్కల పదార్థాలు పీసీఆర్‌ను ఆపేస్తాయి, డీఎన్‌ఏని పదింతలు పలుచన చేసి, అంతర్గత కంట్రోల్‌తో (పరీక్ష సరిగా నడిచిందో లేదో చూపేది) మళ్లీ నడపమనండి. కంట్రోల్ పలకని నెగటివ్‌ను నెగటివ్‌గా రాయొద్దు.

ఇంకోటి, జాతి రాసుకోండి. గోదావరికి దక్షిణాన బోనెట్, ఉత్తరాన రీసస్ అనే పాత హద్దు చెరిగిపోతోంది, రీసస్ దక్షిణానికి దిగుతోంది. తోక ఒంటితో సమానంగా పొడుగుంటే బోనెట్, సగం లోపుంటే రీసస్. కొండముచ్చు నమూనా వస్తే మరింత జాగ్రత్త: కొన్ని కొండముచ్చు జాతుల జన్యువుల్లోనే టైప్ డి వైరస్ ముక్కలు ఇమిడి ఉంటాయి, పీసీఆర్ లేనిది ఉందంటుంది.

లంక_పశువైద్యం:
చాలా ఉపయోగం సార్. దింపు వాళ్లని కరిస్తే ఏం చెప్పాలి?

గట్టు_మెడికల్:
కరిస్తే రెట్రోవైరస్ లెక్క చివరిది. ఫోమీ కాట్ల ద్వారా మనిషికి చేరడం ఆసియాలో నమోదైంది, కానీ దాంతో జబ్బు వచ్చినట్టు, మనిషి నుంచి మనిషికి పాకినట్టు తేలలేదు. భయపడాల్సింది రేబిస్‌కి. సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడగాలి. సున్నం, కారం, పసరు పూయొద్దు, కుట్లు వేయించొద్దు. చర్మం పొరలోనే ఇచ్చే టీకా 0, 3, 7, 28 రోజుల్లో. రక్తం వచ్చిన కాటుకి గాయంలోనే ఇమ్యునోగ్లోబులిన్ (సిద్ధంగా ఉన్న రేబిస్ యాంటీబాడీలు) కూడా. రెండో సూదితో ఆగిపోవడమే ఎక్కువ జరుగుతుంది, తేదీలు చీటీ మీద రాసి ఇవ్వండి.

రీసస్, బోనెట్ లాంటి మకాక్ కోతుల్లో హెర్పిస్ బి అని మరో వైరస్ ఉంటుంది, మనిషికి సోకడం అరుదే గానీ సోకితే ప్రాణం మీదికి వస్తుంది. లోతైన కాటుకి వాలసైక్లోవిర్ (వైరస్‌ను అణిచే మందు) గ్రాము చొప్పున ఎనిమిది గంటలకోసారి 14 రోజులు ఇవ్వాలా అన్నది డాక్టర్‌ని అదే రోజు అడగాలి. కోతిని పట్టేవాళ్లకీ ఇవే వర్తిస్తాయి: తోలు గ్లవ్స్, కళ్లద్దాలు, ముందే మూడు డోసుల రేబిస్ టీకా.